ఒక్కరోజు హెడ్మాస్టర్లు

రండి, కూర్చోండి. కంది కట్టె మంట ఇది. సెగ బాగానే ఉంటుంది గానీ చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి, కొంగులూ పంచె అంచులూ కొంచెం చూసుకోండి. అనంతపురంలో చలేమిటని బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు. వాళ్లు మా మే నెల గురించే విన్నారు. జనవరిలో తెల్లవారుజామున మా మిట్ట చేల మీదుగా వచ్చే గాలి రుచి తెలియదు పాపం.

ఇంత చలిలో ఆ రోడ్డు మీద సైకిళ్ల చప్పుడేమిటంటారా? హైస్కూలు పిల్లలు. పదో తరగతి. స్టడీ అవర్ ముగించుకుని ఇళ్లకు పోతున్నారు. ముందు పోయేవాడు సెల్‌ఫోను టార్చి పట్టుకుంటాడు, వెనక వచ్చేవాళ్లు ఆ వెలుతురులో ‘కాంతి వక్రీభవనం’ అప్పజెప్పుకుంటూ తొక్కుతారు. నవ్వకండి, నిజమే.

పదో తరగతి పిల్లలకు క్యాలెండరు ఏడాది పోయిన నెలే అయిపోయినా, అసలు ఏడాది చివర ఇప్పుడే మొదలైంది. బడి లెక్కలో సంవత్సరమంటే జూన్ రెండో వారం నుంచి ఏప్రిల్ 23 దాకా. అందులో మా జిల్లా వరకు బడి నిండుగా కనబడేది సంక్రాంతి నుంచి మార్చి నడిమధ్య దాకానే. ఎందుకో చెప్తా వినండి. బడి తెరిచే రోజులూ చెనిక్కాయ విత్తనమేసే రోజులూ ఒకటే. వాన పడిందంటే ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని చేతులూ చేలోనే. మూడున్నర, నాలుగు నెలలకు కాయ పీకుడు, అంటే అక్టోబరు, నవంబరు. ఆ రోజుల్లో ఏ పల్లె హైస్కూలుకైనా పోయి హాజరుపట్టీ తీసి చూడండి, సగం పేజీ ఆబ్సెంట్లే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన కూడా మాట మీద నిలబడదు కదా. పంట వస్తే పిల్లోడు పీకడానికి పోతాడు. రాకపోతే అమ్మానాన్న బెంగళూరు బస్సెక్కుతారు, పిల్లోడు అవ్వ దగ్గర ఉండిపోతాడు. ఎట్లా చూసినా పుష్యమాసానికి గానీ బెంచీలు నిండవు.

నిండగానే ఏమవుతుందంటే, అందరూ కలిసి ఆ పిల్లల మీద పడతారు. దానికి వంద రోజుల ప్రణాళిక అని పేరు. డిసెంబరులో పుట్టి మార్చిలో ముగుస్తుంది. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు, ఆపైన ప్రీ ఫైనల్. పిల్లలను ఏ, బీ, సీ అని మూడు గుంపులు చేస్తారు. సీ గుంపు పిల్లలను సార్లూ మేడంలూ తలా ఇంతమందిని ‘దత్తత’ తీసుకుంటారు. దత్తత తీసుకున్నాక తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ చేసి లేపాలి. నాకు తెలిసిన లెక్కల మేడం ఒకావిడ ఉంది. ఆవిడ సొంత కొడుకు ఎనిమిదింటికి లేస్తాడు, దత్తపుత్రులు అయిదింటికి లేస్తారు. ‘మా ఇంట్లో వాడొక్కడే అనాథ’ అంటుంది ఆవిడ.

నేను ఈ ప్రణాళికను ఆడిపోసుకోవడానికి కూర్చోలేదు. 2022లో ఏం జరిగిందో మరిచిపోయారా? కరోనా దెబ్బకు రెండేళ్లు పరీక్షలే లేవు, అందరూ పాస్. మూడో ఏడు పరీక్ష పెట్టేసరికి రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతం గట్టెక్కారు, మా అనంతపురం 49.70 శాతంతో జిల్లాలన్నింటిలోకీ అట్టడుగున నిలిచింది. అంటే ఇద్దరిలో ఒకరు తప్పారు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతులు సరిగా చూడని పిల్లలు వాళ్లు. ఆ వేసవిలో మా పక్క ఊళ్లలో ఎంతమంది పిల్లలు తల్లిదండ్రుల వెంట బెంగళూరు బస్సెక్కారో ఎవరూ లెక్క రాయలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులు చూసే. 2008లో ఆ చదువు మొదలైనప్పటి నుంచీ పల్లె బడి పిల్లోడికి అది ఒక పెద్ద వాకిలి. ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం మార్కులు అదనంగా కలుపుతారు కూడా. కూలికి పోయే ఇంట్లో ఒక్క సీటు వచ్చిందంటే ఆరేళ్ల చదువుకు దిగుల్లేనట్టే. అందుకే సార్లు అంత పట్టుగా ఉంటారు, ఉండాలి కూడా.

నా గొణుగుడంతా ఒక్క దాని మీదే. ఈ వంద రోజుల్లో డ్రిల్ పీరియడ్‌ను లెక్కల పీరియడ్ మింగేస్తుంది. వాలీబాల్ బీరువాలోకి పోతుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. లైబ్రరీ పీరియడా? అది దసరా సెలవుల నుంచే కనబడదు. మిగిలేది రెండే రోజులు. ఒకటి స్వపరిపాలన దినోత్సవం, రెండోది వీడ్కోలు. ఈ రెండు రోజులనైనా పెద్దవాళ్లు ముట్టుకోకుండా పిల్లల చేతికి వదిలేయాలని నా పోరు. అక్షరాలు నాలుగు రాస్తానని తెలిసి ఈ చుట్టుపక్కల బడులవాళ్లు ముఖ్య అతిథి అంటూ నన్ను పిలుస్తుంటారు. శాలువా కప్పించుకుని ముందు కుర్చీలో కూర్చునేవాడికి పనేముంది చెప్పండి, అన్నీ చూస్తుంటాడు. ఆ చూసినవే చెప్తున్నా.

స్వపరిపాలన దినోత్సవం కొన్ని బడుల్లో సెప్టెంబరు 5నే జరిపేస్తారు. గురుపూజోత్సవం కదా. ఆ రాధాకృష్ణన్ గారు 1916లో మా అనంతపురం కాలేజీలోనే పాఠం చెప్పారని ఇక్కడివాళ్లు ఆ రోజు తప్పకుండా గుర్తు చేస్తారు. చెప్పుకోవాల్సిందే. అయితే చాలా పల్లె బడుల్లో ఈ పండగను ఫిబ్రవరికి దాచుకుంటారు. పదో తరగతి పిల్లలు ఒక్కరోజు సార్లూ మేడంలూ అవుతారు. ఒకరు కలెక్టరు, ఒకరు డీఈవో, ఒకరు ఎంఈవో, ఒకరు హెచ్‌ఎం. అటెండరు కూడా ఉంటాడు, బెల్లు కొట్టే ఉద్యోగానికి పోటీ ఎక్కువ.

ముందు రోజు సాయంత్రం ఊళ్లో చీరల కోసం వేట. అమ్మ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీరను బీరువాలోంచి దింపాలంటే అవ్వ సిఫార్సు కావాలి. ఇంట్లో లేకపోతే పక్కింటి అంగన్వాడీ టీచరు దగ్గర కాటన్ చీర. తెల్లారేసరికి బడి వరండాలో పిన్నీసుల కరువు. కుచ్చిళ్లు ఒకరు పడుతుంటే పైట ఇంకొకరు సర్దుతుంటారు. మొన్నటిదాకా రెండు జడలు ఊపుకుంటూ తిరిగిన పిల్ల జడ ముడి చుట్టి, చేతికి గడియారం పెట్టి, చంకలో హాజరుపట్టీ ఇరికించుకుని నడిచి వస్తుంటే అసలు మేడంలే ఒక్కక్షణం లేచి నిలబడతారు. మగపిల్లలు నాన్న చొక్కాను ప్యాంటులోకి దోపుతారు. భుజాలు కిందికి జారిపోతుంటాయి. అద్దాలు ఊడిన కళ్లజోడు పెట్టుకొచ్చిన సైన్సు సారును ఒక బడిలో చూశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ ఖాళీ ఫ్రేములోంచి వేలు పెట్టి కన్ను నలుపుకున్నాడు.

ఆరో తరగతి పిల్లలంత కఠినమైన ప్రేక్షకులు లోకంలో ఉండరు. కొత్త లెక్కల సారు బోర్డు మీద భిన్నాల లెక్క మొదలుపెట్టి మూడో మెట్టులో ఆగిపోయాడనుకోండి, కనికరం చూపరు. ‘సార్, ఆడ కసాగు తీయాల సార్’ అని ముందు బెంచీలోంచి ఒక గొంతు. సారు వెనక్కి తిరిగి, ‘నాకు తెల్సు, నీకు తెల్సా లేదా అని చూస్తాండా’ అన్నాడు. అసలు సార్లు ఏళ్ల తరబడి వాడుతున్న మాట అదే. వెనక బెంచీలో కూర్చున్న అసలు లెక్కల సారు తల దించుకుని నవ్వుకున్నాడు.

అనుకరణలో పిల్లలు మనల్ని ఎంత గమనిస్తారో ఆ రోజు బయటపడుతుంది. తెలుగు మేడం ముక్కు మీది కళ్లజోడు, హిందీ సారు బోర్డు తుడుచుకునే పద్ధతి, సోషల్ సారు ప్రతి వాక్యం చివరా ‘అంతే కదప్పా’ అనడం, అన్నీ దిగిపోతాయి. డ్రిల్ సారు వేషం కట్టినవాడు ఈల మెడలో వేసుకుని వచ్చి, గ్రౌండు దగ్గర ఆగి, ‘ఈ పొద్దు ఆటల్లేవు, అందరూ క్లాసులకు పోయి లెక్కలు చేసుకోండి’ అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు, సార్లు మాత్రం నవ్వలేదు.

ఇదంతా తమాషాయే అనుకుంటున్నారు కదా? పెనుకొండ వైపు ఒక బడిలో జరిగింది చెప్తా. ఆ ఏడు హెచ్‌ఎంగా కూర్చున్న పిల్ల క్లాసులో మొదటి ర్యాంకు పిల్ల కాదు. తోటిపిల్లలే ఎన్నుకున్నారు. పొద్దున ప్రార్థన అయిపోగానే కుర్చీలో కూర్చుంది, సర్క్యులర్ రిజిస్టరు తెమ్మంది. తెచ్చారు. తేదీ వేసి గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు రాసింది. ఆడపిల్లల బాత్రూం తలుపుకు లోపలి గడియ లేదు, రేపటిలోగా పెట్టించవలెను. కింద సంతకం, దాని కింద ప్రధానోపాధ్యాయురాలు అని హోదా. అటెండరు వేషం కట్టిన పిల్లోడు ఆ రిజిస్టరును క్లాసు క్లాసుకూ తిప్పాడు. వేషగాళ్ల దగ్గర ఆగకుండా స్టాఫ్ రూంలో విశ్రాంతిగా కూర్చున్న అసలు సార్ల దగ్గరికీ పోయి ‘సంతకం సార్’ అన్నాడు. ఏం చేస్తారు? పెట్టారు. అసలు హెచ్‌ఎం గారు కూడా చదివి, ఒక నిమిషం ఊరుకుని, తన సంతకం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి వడ్రంగి వచ్చి గడియ బిగించి పోయాడు.

ఆ గడియ లేకపోవడం అంతకుముందు ఎంతకాలం నుంచో అందరికీ తెలిసిన సంగతే. ఏ ఆడపిల్లా ఏ సారుకూ చెప్పుకోలేని సంగతి. కుర్చీ ఇస్తే రాత రూపంలో వచ్చింది. ‘ఈ వేషాలతో ఒక రోజు పాఠం పోయింది’ అనేవాళ్లు నాకు కనబడినప్పుడల్లా ఈ గడియ కథ చెప్పేస్తుంటాను.

మంట కొంచెం ఎగదోయండి. ఆ చివర తట్టలో చెనిక్కాయ పొట్టుంది, గుప్పెడు వేయండి, ఒక్కసారిగా లేస్తుంది.

చెనిక్కాయ అంటే గుర్తొచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు చెనిక్కాయ చిక్కీ ఇస్తున్నారు కదా, 2020 నుంచీ వస్తోంది. చెనిక్కాయల జిల్లాలో, చెనిక్కాయ పీకడానికి బడి మానేసిన పిల్లోడు, బడికొచ్చి ప్లాస్టిక్ కాగితం విప్పుకుని చెనిక్కాయలు తింటాడు. మా అవ్వ బతికుంటే ఎన్ని సామెతలు చెప్పేదో.

సరే, వీడ్కోలు. పదో తరగతి వాళ్లకు ఇది తొమ్మిదో తరగతివాళ్లు చేసే పండగ. ఫిబ్రవరి చివర గానీ, ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి మధ్యలో గానీ ఉంటుంది. పెళ్లి పనుల్లో ఆడపెళ్లివాళ్లు ఎట్లా తిరుగుతారో తొమ్మిదో తరగతి అట్లా తిరుగుతుంది. నోటుబుక్కులో చందాలు. ఇదివరకు చేతిలో డబ్బు ఆడని ఇళ్లవాళ్లు కాయలే ఇచ్చేవారు, శేరు చెనిక్కాయలు, అవి అంగడికి అమ్మి చందాలో జమ. ఇప్పుడు ఫోన్ పే.

లెక్కలు రాయడానికి ప్రతి బడిలోనూ ఒక పిల్ల ఉంటుంది. ఎట్లా పుడతారో అట్లాంటి పిల్లలు, తొమ్మిదో తరగతికి ఒక్కరు తప్పనిసరిగా ఉంటారు. ఒక పిల్ల నాకు తన పుస్తకం చూపించింది. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, మధ్యలో స్కేలుతో ఎర్రగీత. జమలో క్లాసు చందా, సార్ల చందా, సర్పంచి, మెడికల్ షాపు అన్న, ఆర్‌ఎంపీ డాక్టరు. ఖర్చులో బొరుగుల మూట, ఉల్లిగడ్డలు, బజ్జీ మిరపకాయలు, పప్పులు, నిమ్మకాయలు, రంగు కాగితాలు, బుడగలు, సౌండు బాక్సుల అడ్వాన్సు, ఆటో కిరాయి. నూనెకు ఎదురుగా సున్నా పెట్టి, ‘మా ఇంటిది’ అని రాసుకుంది. మేము ఏ శుభకార్యమైనా ఉగ్గాని, బజ్జీ లేకుండా జరపం కదా. నానబెట్టి పిండిన బొరుగుల్లో పోపు వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన వేడి వేడి మిరపకాయ బజ్జీ. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మలే పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగిస్తారు. కూలి అడగరు. వాళ్ల పిల్లలూ ఆ బడిలోనే చదివుంటారు.

ఇందులో పెద్దవాళ్లు చేసే పాడు ఒకటుంది, చెప్పక తప్పదు. పదో తరగతి పిల్లలకు పరీక్ష అట్టలు, పెన్నులు బహుమతిగా ఇస్తారు. మంచి పనే. అట్ట మీద మాత్రం దాత గారి నవ్వు ముఖం, రెండు చేతులూ జోడించిన ఫొటో, కింద హోదా. పరీక్ష హాల్లో అది బోర్లా పెట్టుకుని రాసే పిల్లలను నేనెరుగుదును. ఆపైన ఆ దాత గారు వేదికెక్కి రెండు మాటలంటూ మైకు పట్టుకుంటే డ్యాన్సు వేషం వేసుకున్న పిల్లల ముఖాల మీద పౌడరు చెమటకు కారిపోతుంటుంది. ముఖ్య అతిథులకు నాదొక చిన్న సలహా. నిమిషంన్నర. నేను పాటిస్తున్నాను, ప్రాణానికి హాయిగా ఉంది. రెండో ఏడు కూడా పిలుస్తారు.

కార్యక్రమాలంటే ఇప్పుడు సినిమా పాటలకు డ్యాన్సులే ఎక్కువ. నేను ముఖం చిట్లించను. కోలాటం, చెక్కభజన వేయించే సార్లు ఇంకా కొన్నిచోట్ల ఉన్నారు. నాటకం మాత్రం పోయింది, అది నాకు లోపల కలుక్కుమంటుంది. ఎందుకంటే ఈ నేల నాటకానిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి ఇంటిపేరులోనే మా ఊరుంది, ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా తాడిపత్రిలో. అట్లాంటి జిల్లాలో బడి వార్షికోత్సవానికి కాటిసీను లేకుండా పోయింది. పద్యం నేర్పించడానికి నెల పడుతుంది, పాట పెన్‌డ్రైవులో వచ్చేస్తుంది. సార్లను అనడానికేముంది?

పిల్లల ఆటపాటల సభ వల్ల ఏమొరుగుతుందని అడిగే పెద్దమనుషులకు ఇంకొక కథ కూడా ఉంది నా దగ్గర. మాకు పక్కనే మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు దిగారు. అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ ఐర్లండు దేశపు కవి జేమ్స్ కజిన్స్. ఆ పిల్లలు వారానికోసారి సాయంత్రం ఆటపాటల సభ పెట్టుకునేవారు. అతిథిగా వచ్చిన కవిగారు ఆ సభలో కూర్చుని తన పాట ఒకటి పాడారు. అది జనగణమన. పిల్లలు ఎగిరి గంతేసి పట్టుకున్నారు. కజిన్స్ భార్య మార్గరెట్ గారికి పాశ్చాత్య సంగీతం తెలుసు, ఆమె ఆ బాణీని స్వరలిపిలో రాసిపెట్టారు. కవిగారు ఇంగ్లీషులోకి కూడా అక్కడే, ఫిబ్రవరి 28న, తన చేత్తో మార్చి రాసిచ్చారు. ఇవాళ మనం లేచి నిలబడి పాడే పాటకు పాశ్చాత్య స్వరలిపి కాగితం మీదికెక్కింది ఆ పిల్లల సభ పుణ్యమా అనే. సిలబస్ పూర్తికాలేదని ఆ వారం సభ రద్దు చేసి ఉంటే?

హాస్టలు బడుల వీడ్కోలు వేరే రకం. హిందూపురం దగ్గర పెన్న ఒడ్డున కొడిగేనహళ్లి గురుకులం ఉంది. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. మర్సటేడు ఆంధ్ర వైపు తాడికొండలో, సీమ వైపు కొడిగేనహళ్లిలో. పల్లెల్లోని తెలివైన పిల్లలను ఏరి తెచ్చి, చదివించి, పదో తరగతి రాష్ట్ర ర్యాంకులు తెప్పించిన బడులవి. ఫలితాల రోజున పేపర్లో కొడిగేనహళ్లి పేరు వెతుక్కోవడం మా జిల్లాలో ఒకప్పటి అలవాటు. 2012లో గ్రేడులొచ్చి ర్యాంకులు పోయాయి, ఆ వెతుకులాటా పోయింది. కొడిగేనహళ్లి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది, 2022 ఏప్రిల్‌లో మా జిల్లాను రెండు చేశారు కదా. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా తగిలితే ర్యాంకుల సంగతి అడక్కండి, చివరి రోజు సంగతి అడగండి. ట్రంకుపెట్టె, బకెట్టు, దుప్పటి చుట్ట, బస్టాండు. ఏళ్ల తరబడి పక్క పక్క పడుకున్నవాళ్లు ఒకరు మడకశిర బస్సు, ఒకరు రాయదుర్గం బస్సు ఎక్కాలి. ఊళ్లో బడి పిల్లోడు వీడ్కోలు రోజు ఏడ్చినా సాయంత్రం ఊరి రచ్చకట్ట మీద మళ్లీ కలుస్తాడు. హాస్టలు పిల్లోడికి ఆ వీలు లేదు.

ఏడుపు అన్నాను కదా. మగపిల్లలు దుమ్ము పడిందంటారు. మా ఊళ్లో దుమ్ము నిజంగానే ఉంటుంది గనుక చెల్లుబాటవుతుంది. ఆడపిల్లలు దాచుకోరు. ఆ ఏడుపులో అందరిదీ ఒకటే దుఃఖం కాదు. కొందరికి స్నేహితులు పోతారని. కొందరికి మాత్రం చదువే పోతుందని ముందే తెలుసు. వేసవి రాగానే సంబంధాలొస్తాయి, మేనమామ ఎదురుచూస్తుంటాడు, జూనియర్ కాలేజీ పక్క మండలంలో ఉంటుంది. కస్తూర్బా విద్యాలయాలొచ్చాక కొంత మేలు, కాదనను. అక్కడ చేరిన పిల్లకు ఉండను చోటుంది. డే స్కాలరు పిల్ల సంగతే అడుగున పడుతుంది.

దీనికి ఒక హెచ్‌ఎం మేడం చేసిన పని చూశాను. వీడ్కోలు రోజు పిల్లల ప్రసంగాలయ్యాక, ‘ఇప్పుడు తల్లులు మాట్లాడాల’ అంది. తల్లులు ఒకరినొకరు తోసుకున్నారు. ఎట్లాగో ఒక్కొక్కరినే మైకు దగ్గరికి తెచ్చి, ‘మీ పాపను పదో తరగతి తర్వాత ఏం చేస్తావమ్మా?’ అని అడిగింది. అంతే, ఇంకేం ఉపన్యాసం లేదు. ‘కాలేజీకి పంపుతా మేడం’ అని ఒకామె అంది. చప్పట్లు. ‘పంపుతా’ అని ఇంకొకామె. మళ్లీ చప్పట్లు. మూడో ఆమె కూలికి పోయి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు దోపుకునే ఉంది. మైకు పట్టుకుని కాసేపు ఊరుకుంది. ‘బస్సుంటే పంపుతా మేడం’ అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో సర్పంచి ఉన్నాడు, ఎంఈవో ఉన్నాడు, శాలువా కప్పుకుని నేనున్నాను. ఆ ఊరికి సాయంత్రం నాలుగున్నర తర్వాత బస్సు లేదు, కాలేజీ వదిలేది అయిదింటికి. బాణాసంచా లాంటి ఉపన్యాసాలు ఎన్నో విన్నాను గానీ, విద్యా సమస్య మీద అంత చిన్న ఉపన్యాసం, అంత సూటి ఉపన్యాసం వినలేదు. ఆ రాత్రే ఊరివాళ్లంతా కలిసి డిపో మేనేజరుకు అర్జీ రాశారు. రాసింది ఎవరనుకున్నారు? ఇందాక చెప్పిన తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పిల్ల. ఆమె దస్తూరి బాగుంటుందని.

ఆ తర్వాత పరీక్షలు. వాటి గురించి ఎక్కువ చెప్పను, అందరం రాసినవే. హాల్‌టికెట్టు ఇప్పుడు వాట్సాప్‌లోనే వచ్చేస్తోంది. అయినా దాన్ని కాగితం మీద తీయించి, పసుపు బొట్టు పెట్టి, కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికో ఊళ్లో సుంకులమ్మ దగ్గరికో తీసుకుపోతారు. ఫోనుకు బొట్టు పెట్టడానికి మనసొప్పదు కదా. ఆ కాగితం చూపిస్తే పరీక్షల రోజుల్లో పల్లెవెలుగు బస్సులో టికెట్టు అడగరు. కదిరి వైపు పిల్లల పాట్లు వేరు. అక్కడ నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలోనే. ఊరంతా తేరు చూడ్డానికి కదిలితే, పదో తరగతి పిల్లోడు గది తలుపేసుకుని జీవశాస్త్రం. దేవుడు కూడా క్యాలెండరు చూసుకోడు.

చివరి పరీక్ష అయిపోయిన మధ్యాహ్నం రంగులు, ఇంకు చల్లుకోవడాలు. చొక్కా మీద పేర్లు రాసుకోవడం. ఆ చొక్కాను తమ్ముడికి దాచిపెట్టాలనుకున్న అమ్మ చేతిలో వీపు మీద రెండు చరుపులు. మరి ఆ యూనిఫాం వాడికి రెండేళ్లకు పనికొచ్చేది. పెద్దవాళ్లు పోయాక బడి చిత్రంగా వదులైపోతుంది. తొమ్మిదో తరగతి వాళ్లు ఒక్కపూటలో పెద్దరికం ఎక్కించుకుని, నిన్నటిదాకా తమను తోసేసిన కొళాయి దగ్గర ఆరో తరగతివాళ్లను తోస్తారు. ఇక ఏప్రిల్ 23 దాకా ఒంటిపూట బడి, వాళ్ల సొంత పరీక్షలు, ప్రోగ్రెస్ కార్డులు.

లెక్కల పుస్తకం పిల్ల మొన్న కనబడింది. ఇప్పుడు పదిలో ఉంది, ఇందాక పోయిన సైకిళ్లలో ఒకటి ఆ పిల్లదే. అర్జీ ఏమైందని అడిగాను. సాయంత్రం బస్సు అయిదుంబావుకు మార్చారట, వారానికి నాలుగు రోజులు వస్తోందట, మిగతా రోజులు రాకపోతే ఎందుకు రాలేదో డిపోకు ఫోన్ చేసి అడుగుతోందట. ‘మరి వీడ్కోలు లెక్క తేలిందా అమ్మీ?’ అన్నాను. తేలలేదంది. సౌండు బాక్సుల అన్న అడ్వాన్సులో నలభై రూపాయలు తిరిగి ఇవ్వాలట. పుస్తకం ఈ ఏటి తొమ్మిదో తరగతికి అప్పజెప్పేటప్పుడు ఆ నలభైనీ బాకీ కిందే రాసి ఇచ్చిందట. ఈ ఏడు సౌండు బాక్సులు అతని దగ్గరే మాట్లాడుకుని, ముందు ఆ నలభై తగ్గించుకోమని కూడా చెప్పింది వాళ్లకు.